నైరుతి గదిలో అమ్మ నిద్ర

2023 మే నెలలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి మంచినీళ్ళ కోసం లేచి హాల్లోకి వస్తే అమ్మ నేల మీద పడుకుని ఉంది, తడి తువ్వాలు గుండెల మీద వేసుకుని, తల కింద దిండు కూడా లేకుండా. డెబ్భై ఏళ్ళ మనిషి, బీపీ, మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేపడానికి మనం రెండు చేతులూ పట్టుకోవాలి. తన గదిలో ఏసీ ఆడుతూనే ఉంది. "గదిలో పడుకోవచ్చు కదమ్మా" అంటే "ఏసీ ఉందిలేవే, కానీ మంచం మీద పడుకుంటే పైన ఎవరో కుంపటి పట్టుకుని నిలబడ్డట్టుంది, మాడు కాలిపోతోంది" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లుంది, కరెంటుంది, ఏసీ ఉంది, అయినా అమ్మ నేల మీద పడుకుంటోంది.

మా ఇల్లు విజయవాడ మొగల్రాజపురంలో, 1991లో నాన్న కట్టించిన డాబా. కింద ఒక్కటే అంతస్తు, పైన ఖాళీ. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఐదంగుళాల స్లాబ్, దాని మీద పల్చగా సిమెంటు ప్లాస్టరింగ్ అంతే. అప్పట్లో స్లాబ్ మీద సున్నం, ఇటుక ముక్కలతో ఒక దళసరి పొర వేసేవాళ్ళు, నాన్న దగ్గర డబ్బులు అక్కడికే అయిపోయాయి, తర్వాత ఎప్పుడైనా వేయిద్దాం అనుకున్నారు, ఆ తర్వాత అనేది రాలేదు. విజయవాడ ఎండ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు కదా, బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. దానికి తోడు మా వెనకాలే కొండ, పగలంతా ఆ రాయి కాగి రాత్రంతా సెగ వదులుతూనే ఉంటుంది.

ఇక వాస్తు ప్రకారం పెద్దవాళ్ళ పడగ్గది నైరుతిలో ఉండాలి కాబట్టి మాకూ అక్కడే ఉంది. నేను వాస్తుని తప్పు పట్టట్లేదు, కానీ ఒకసారి ఆలోచించండి, నైరుతి గదికి ఒక పక్క దక్షిణం గోడ, ఒక పక్క పడమర గోడ, పైన స్లాబ్. మధ్యాహ్నం రెండు నుంచి ఆరున్నర దాకా పడమటి ఎండ ఆ గది మీదే. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని అందరికంటే వేడిగా ఉండే గదిలో పడుకోబెడుతున్నాం. మా వీధిలో నేను కనుక్కున్న ఏడిళ్ళల్లో ఆరిళ్ళకి అంతే.

అమ్మ దగ్గర మాత్రం స్లాబ్‌ని ఒక్క మాట అనకూడదు. తన పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర, పెంకుటిల్లు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. పెంకులు గాల్లో ఎగిరిపోవడం, వాసాలు కూలడం కళ్ళారా చూసింది కాబట్టి స్లాబ్ అంటే తనకి ప్రాణం కాపాడే చెట్టు లాంటిది. "పెంకుటిల్లు చల్లగా ఉండేదే నిజమే, కానీ నిలబడదుగా" అంటుంది. నిజమే. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది, పొద్దుగుంకిన గంటకల్లా పెంకు చల్లారిపోయేది. కాంక్రీటు అలా కాదు, పగలంతా తాగిన వేడిని దాచుకుని మనం పడుకునే టైముకి కిందకి వదులుతుంది. కాబట్టి స్లాబ్ ఉండాలి, దాని మీద ఎండ మాత్రం పడకూడదు. నేను చేయాల్సిన పని అదీ.

ముందు తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి కొన్నాను, ఆన్‌లైన్లో పన్నెండొందలు పెట్టి. ఎంత వేడో తెలీకుండా ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు, ఇంతకుముందు ఒకసారి పెట్టి బాధపడ్డాం (అది కింద చెప్తాను). మే మూడో వారంలో మధ్యాహ్నం రెండింటికి డాబా మీద చూస్తే 61 డిగ్రీలు. చెప్పుల్లేకుండా రెండడుగులు వేయలేం. అదే టైముకి అమ్మ గదిలో పైకప్పు 36 ఉంది, పర్లేదే అనుకున్నా. సాయంత్రం ఆరింటికి 39. రాత్రి ఎనిమిదిన్నరకి 41. బయట ఎండ పోయి రెండు గంటలైంది, గాలి చల్లబడుతోంది, లోపల పైకప్పు మాత్రం అప్పుడే ఎక్కువగా కాలుతోంది. పైన పడిన వేడి ఐదంగుళాల కాంక్రీటు దాటి కిందకి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అందుకే మధ్యాహ్నం భరించగలిగే గది రాత్రికి భరించలేనిదవుతుంది.

అమ్మ కుంపటి అన్నది ఉత్తి మాట కాదు. ఏసీ గదిలో గాలిని చల్లబరుస్తుంది, అంతే. 41 డిగ్రీల పైకప్పు, 39 డిగ్రీల పడమర గోడ మన ఒంటి మీదకి నేరుగా సెగ కొడుతూనే ఉంటాయి, పొయ్యి దగ్గర నిలబడితే గాలి తగలకపోయినా మొహం కాలుతుంది చూడండి, అలా. మా వారు టన్నున్నర ఏసీ తీసేసి రెండు టన్నులది పెడదామన్నారు. ఒక లెక్క చూపించాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు. అమ్మ గది పన్నెండు బై పన్నెండు, అంటే పదమూడు చదరపు మీటర్ల పైనే. అంటే ఆ ఒక్క గది కప్పు మీద పదమూడు ఇస్త్రీ పెట్టెలు వెయ్యి వాట్లవి బోర్లించి స్విచ్ వేసినట్టు. అందులో కొంత వెనక్కి పోతుంది, కొంత గాలి తీసుకుపోతుంది, ఒప్పుకుంటా, కానీ మిగిలింది కూడా తక్కువేం కాదు. ఒక టన్ను ఏసీ లాగగలిగేది మూడున్నర కిలోవాట్ల వేడి. పైన ఇస్త్రీ పెట్టెలు అలాగే ఉంచి కింద ఏసీ పెంచుకుంటూ పోతే కరెంటు బిల్లు పెరుగుతుంది తప్ప అమ్మకి నిద్ర రాదు.

ఇప్పుడు ఆ బాధపడ్డ సంగతి. 2019లో ఒక కాంట్రాక్టర్ మాటలు నమ్మి అమ్మ గదికి ఫాల్స్ సీలింగ్ వేయించాం, జిప్సం బోర్డుతో. పది డిగ్రీలు తగ్గుద్ది మేడం, రాసిస్తా అన్నాడు. మొదటి నెల బాగానే అనిపించింది, ఆ తర్వాత స్లాబ్‌కీ బోర్డుకీ మధ్య గాలి కాగిపోయి బోర్డే వేడెక్కడం మొదలుపెట్టింది. ఫ్యాను అడుగు కిందకి దిగింది. అది కూడా సర్దుకుపోవచ్చు గానీ అసలు నష్టం 2023 వానాకాలంలో తెలిసింది. బోర్డు మీద గోధుమ రంగు మరక పడితే విప్పించాం. పైన స్లాబ్ పెచ్చులూడిపోయి ఉంది, రెండు చోట్ల ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బి బయటకి కనిపిస్తున్నాయి. నాలుగేళ్ళుగా నీళ్ళు దిగుతున్నాయి, బోర్డు అడ్డం ఉండటం వల్ల మాకు కనపడలేదు. ఆ పెచ్చు ఒక్కటి ఊడి బోర్డుతో సహా అమ్మ మీద పడి ఉంటే? ఆ కాంట్రాక్టర్ వేసే ముందు స్లాబ్ ఒక్కసారి కూడా తట్టి చూడలేదు. పాత ఇళ్ళవాళ్ళకి నేను బతిమాలి చెప్పేది ఇదే, స్లాబ్ పరిస్థితి చూడకుండా దాన్ని కప్పే పని దేనికీ ఒప్పుకోకండి, చిన్న సుత్తి తీసుకుని కింద నుంచి తట్టుకుంటూ పోండి, గట్టి చప్పుడు కాకుండా డొల్ల చప్పుడు వస్తే అక్కడ ముందు రిపేరు చేయించాలి.

నాన్న ఉన్నప్పుడు ఎండాకాలం సాయంత్రాలు డాబా మీద బకెట్లతో నీళ్ళు కొట్టేవారు. నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి లేచేది, ఆ తడి సిమెంటు వాసన నాకింకా ముక్కులోనే ఉంది. గంట ఆగి నవ్వారు మంచాలు వేసుకుని అందరం పైనే పడుకునేవాళ్ళం. దోమలు, కోతులు, పక్కన లేచిన అపార్ట్‌మెంట్లు, ఇప్పుడు పైన పడుకునే రోజులు పోయాయి. నీళ్ళు కొట్టడం మటుకు పాత స్లాబ్‌కి మంచిది కాదు, కాగి ఉన్న కాంక్రీటు మీద ఒక్కసారిగా చల్లనీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చు, ఉన్న పగుళ్ళలోకి రోజూ నీళ్ళు దిగి ఊచలకి తగులుతాయి. మా స్లాబ్ అలాగే దెబ్బతిన్నదేమో.

2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టాం. మా మేస్త్రి గారు ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, మంచివారు, నిదానస్థుడు. కింద పెచ్చులన్నీ కొట్టించి, ఊచల తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా కోటింగ్ కొట్టి, పాలిమర్ కలిపిన మసాలాతో పూడ్చారు. పైన పగుళ్ళు వెడల్పు చేసి నింపి, డాబా అంతా వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేసి, నీళ్ళు బయటకి పోయే గొట్టాలకి గుడ్డలు కుక్కి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూశారు. కింద చెమ్మ రాలేదు. అప్పుడుగానీ వేడి సంగతి మాట్లాడుకోలేదు.

వేడికి ఆయన చెప్పింది పాత పద్ధతి, నాలుగంగుళాలు ఇటుక ముక్కలు, సున్నం. పాత బంగ్లాలు చల్లగా ఉండేది దానివల్లే, ఆ మాట కాదనను. కానీ బరువు? చదరపు మీటరుకి నూటయాభై కిలోల పైనే పడుతుంది, తుప్పు పట్టి బాగు చేసిన ముప్పై మూడేళ్ళ స్లాబ్ మీద నాకు ధైర్యం చాల్లేదు. నేను అడిగింది ఎక్స్‌పీఎస్ షీట్లు, వేడిని ఆపే ఒక రకం గట్టి ఫోమ్. చూడటానికి థర్మాకోల్ చుట్టంలా ఉంటుంది గానీ గింజలు గింజలుగా ఉండదు, గోరుతో నొక్కితే గట్టిగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. రెండంగుళాల షీటు చదరపు మీటరుకి రెండు కిలోలు కూడా ఉండదు. ఆ రెండంగుళాలు ఆపినంత వేడిని ఉత్త కాంక్రీటుతో ఆపాలంటే దాదాపు ఎనిమిదడుగుల మందం కావాలి! మేస్త్రి గారు నమ్మలేదు. ఒక ముక్క కోసి, మధ్యాహ్నం డాబా మీద ఎండలో ఒక గంట వేసి ఉంచాను, తర్వాత తీసి కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. పక్కన సిమెంటు చెయ్యి కాలుస్తోంది, షీటు కింద నేల గోరువెచ్చగా ఉంది. ఆయన రెండు చేతులూ రెండు చోట్లా పెట్టి కాసేపు అలాగే ఉండి "అలాగేనమ్మా, వేద్దాం" అన్నారు.

డాబా మొత్తానికి వేసే స్తోమత లేదు. అమ్మ గది, దాని పక్క గది, కలిపి మూడు వందల యాభై చదరపు అడుగుల మీద వేయించాం. షీట్లు సందుల్లేకుండా దగ్గరగా పరిచి, జాయింట్లకి టేపు వేసి, పైన పల్చటి షీటు, చికెన్ మెష్ (సన్న ఇనుప వల), దాని మీద పల్చగా కాంక్రీటు బెడ్డు, పైన తెల్ల టైల్స్ ముక్కలు వైట్ సిమెంటుతో. ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్త పడాలి, ఆ భాగం మూడు నాలుగంగుళాలు ఎత్తు లేస్తుంది, నీళ్ళు వెళ్ళే గొట్టం ఎటుందో చూసుకుని వాటం అటే ఇవ్వాలి, లేకపోతే పిట్టగోడ పక్కన చెరువు కడుతుంది. మాకు గొట్టాలు తూర్పు వైపు ఉండటం కలిసొచ్చింది. కూలీ, మెటీరియల్ అన్నీ కలిపి డెబ్భై ఐదు వేల దాకా అయ్యింది. ఎక్కువే. రెండు టన్నుల ఏసీ, దాని బిల్లూ లెక్కేసుకుని మనసు సరిపెట్టుకున్నాం.

ఇళ్ళు చల్లగా ఉండాలని కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది, అందులో పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదని ఉంది. అంటే పైనా కిందా ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకి 1.2 వాట్ల కంటే ఎక్కువ వేడి దిగకూడదు. మా ఉత్త స్లాబ్‌కి లెక్కేస్తే మూడు దాటింది. షీటు వేశాక అర దగ్గరకి వచ్చింది. కొత్త ఇళ్ళ గురించే అందరూ మాట్లాడతారు గానీ మన ఊళ్ళల్లో ఎనభైల్లో తొంభైల్లో కట్టిన ఇలాంటి డాబాలే వీధి వీధికీ ఉన్నాయి, వాటిల్లో ఉండేది ఎక్కువగా మా అమ్మలాంటి వాళ్ళే. 2015 మే నెల వడగాడ్పులకి ఒక్క ఆంధ్రాలోనే వెయ్యి మందికి పైగా పోయారు. ఎండలో కూలి చేసేవాళ్ళు ఎంతమందో, ఇంట్లో ఉండి రాత్రి కూడా ఒళ్ళు చల్లారక పోయిన పెద్దవాళ్ళు ఎంతమందో. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మిగిలిన డాబాకి తెల్ల కోటింగ్. దీనికి డబ్బుల్లేనివాళ్ళు కూడా చేయగలిగింది సున్నం. మేం ఎదురింటి వాళ్ళ రేకుల షెడ్డు మీదా, మా మెట్ల గది మీదా సున్నమే వేశాం. రాతి సున్నం డ్రమ్ములో వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతుంది, దగ్గర పిల్లల్ని ఉండనివ్వకండి, కళ్ళల్లో చిందితే ప్రమాదం. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి కుంచెతో రెండు కోట్లు, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. ఒక వానాకాలానికి సగం పోతుంది, మళ్ళీ ఉగాది తర్వాత వేసుకోవాలి, అయినా పెట్టిన రూపాయికి దాన్ని మించింది లేదు. డాబాకి మాత్రం ఎండని వెనక్కి కొట్టే ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) పెయింటు వాడాం. మామూలు గోడల పెయింటు పైన వేయకండి, పొరలు పొరలుగా లేస్తుంది. వెండి రంగు పెయింటు మెరుస్తుంది కదా అని వేసేవాళ్ళున్నారు, అది ఎండని కొంత వెనక్కి కొట్టినా లోపల చేరిన వేడిని బయటకి వదలదు, తెలుపు రెండూ చేస్తుంది. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లి వాళ్ళకి దీని గురించి ముందే తెలుసు, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. దుమ్ము పడితే తెలుపు పని చేయదు కాబట్టి మార్చిలో ఒకసారి చీపురుతో, నీళ్ళతో కడుగుతున్నాం. పక్క అపార్ట్‌మెంట్లో రెండో ఫ్లోర్ ఆంటీ గారు మాత్రం మధ్యాహ్నం కళ్ళల్లో కొడుతోందమ్మా అన్నారు, పాపం నిజమే, ఆవిడ బాల్కనీ వైపు పిట్టగోడకి మొక్కల కుండీలు వరసగా పెట్టాం.

పడమర గోడ అమ్మ చూసుకుంది. గోడకి రెండడుగుల దూరంలో పందిరి గుంజలు పాతించి, ప్లాస్టిక్ వల కట్టించి దొండ పాదు ఎక్కించింది. బీర, సొర సీజన్ అయిపోతే ఎండిపోతాయి, దొండ ఏళ్ళ తరబడి ఉంటుంది, సరిగ్గా మేలో కూడా పచ్చగానే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి ఆకు నీడ పడిన గోడకీ, పడని గోడకీ గన్‌తో చూస్తే తొమ్మిది డిగ్రీల తేడా. దొండకాయలు వారానికి రెండు సార్లు కూర. కిటికీకి బయట వైపు వెదురు తడిక వేలాడదీశాం. కర్టెన్ లోపల వేస్తే లాభం తక్కువ, అద్దం దాటి లోపలకి వచ్చాక ఎండ వచ్చినట్టే, కర్టెన్ కాగి గదిలోనే వదులుతుంది. బయటే ఆపాలి.

ఏసీ పెట్టినప్పుడు కిటికీల పైన ఉండే వెంటిలేటర్లు సిమెంటుతో మూయించేశాం, ఒకటి మళ్ళీ తెరిపించి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం. ఉదయం ఎనిమిదిన్నరకల్లా కిటికీలు, తడికలు మూసేయడం, రాత్రి బయట గాలి లోపలకంటే చల్లబడ్డాక అన్నీ తెరిచి ఫ్యాను వేయడం. ఎప్పుడు తెరవాలో అమ్మకి థర్మామీటర్ అక్కర్లేదు, గుమ్మంలో నిలబడి చెయ్యి బయటపెట్టి చెప్పేస్తుంది. మాది కృష్ణ పక్కన ఉక్క పోసే ఊరు, నీళ్ళ కూలర్ మాకు పెద్దగా పనికిరాదు, అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళకైతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

2024 మేలో మళ్ళీ అవే టైములకి కొలిచాను. మధ్యాహ్నం రెండింటికి తెల్ల కోటింగ్ మీద 45. రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ గదిలో పైకప్పు 35. అంతకుముందు 41 ఉన్న చోట. ఉత్త తెల్ల కోటింగ్ మాత్రమే ఉన్న హాల్లో 37. ఏసీ ఇప్పుడు 26 మీద పెట్టి పది నుంచి రెండు దాకా వేస్తాం, తర్వాత ఫ్యాను చాలు. న్యూజెర్సీలో ఉండే మా బావకి ఫొటోలు పంపితే, మా ఇంటి అటక మీద కూడా ఇలాంటి పనే చేస్తారు గానీ మేం లోపలి వేడి బయటకి పోకుండా చేస్తాం, మీరు బయట వేడి లోపలకి రాకుండా చేస్తున్నారు అన్నాడు. వస్తువు ఒకటే, అది ఎటు నుంచైనా ఆపుతుంది.

ఈ ఏడాది రోహిణి కార్తెలో ఒక రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందట, మూడు గంటల పైనే రాలేదు. నేను విసనకర్ర తీసుకుని అమ్మ గదిలోకి వెళ్ళాను. కిటికీలు తెరిచి ఉన్నాయి, దొండాకుల మీదుగా కొంచెం గాలి వస్తోంది, అమ్మ మంచం మీదే గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. కాసేపు విసురుతూ కూర్చున్నాను, లేవలేదు.

ఇక మిగిలింది వంటిల్లు. ఆగ్నేయంలో ఉంది, మధ్యాహ్నం దాకా దానికి ఎండే, పైన షీటు లేదు, ఉత్త తెల్ల కోటింగే. వచ్చే ఫిబ్రవరికి దాని మీద కూడా వేయిద్దామని మేస్త్రి గారికి చెప్పి ఉంచాం. అమ్మ అప్పుడే తూర్పు గోడ పక్కన గుంట తీయించి పశువుల ఎరువు వేయించింది, ఇంకో దొండ తీగ పెట్టడానికి.